"ఎండ్" కనబడితే చాలు "అంతం" అని రాసేయాలా?

పలకాబలపం
ఇంటి దగ్గర కూర్చుని అనువాదాలు చేస్తుంటాను. యాప్‌లలో బటన్ల మీద ఉండే మాటలు, ఆసుపత్రుల కరపత్రాలు, వస్తువులతో పాటు డబ్బాలో వచ్చే చిన్న పుస్తకాలు, ఇలాంటివే ఎక్కువ. ఈ నెల పని ఇచ్చినవాళ్లు ఒక పదకోశం కూడా పంపారు. అందులో "ఎండ్" అనే ఇంగ్లీషు మాటకు ఒక్కటే తెలుగు: "అంతం". ఎక్కడ వచ్చినా అదే వాడాలి. మారిస్తే వాళ్ల సాఫ్ట్‌వేర్ ఎర్రగీత గీస్తుంది. ఎర్రగీతలు ఎక్కువైతే డబ్బులు కోస్తారు.

దాంతో ఆటో డ్రైవర్ మనిషిని దింపాక నొక్కే బటన్ మీద "ప్రయాణం అంతం" వచ్చింది. ఫోన్ పెట్టేసే చోట "కాల్ అంతం". ఇవి ఎలాగో రాసేశాను. నిన్న రాత్రి వచ్చినదాని దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఒక పాత ఫోన్ మోడల్‌కి ఇక సపోర్ట్ ఉండదని చెప్పే నోటీసు అది. ఇంగ్లీషులో "ఎండ్ ఆఫ్ లైఫ్" అని ఉంది. పదకోశం ప్రకారం పోతే "ఈ మోడల్‌కు సపోర్ట్: జీవితాంతం" అవుతుంది. చదివినవాళ్లు బతికున్నన్నాళ్లూ సపోర్ట్ ఇస్తారని అనుకోరా? అర్థం పూర్తిగా తిరగబడింది.

రివ్యూయర్‌కి రాస్తే "ఎండ్ అంటే అంతమే కదా, నిఘంటువు చూడండి" అని జవాబు వచ్చింది. సోమవారంలోపు ఫైలు పంపాలి. మీ మీ ఇళ్లలో, ఉద్యోగాల్లో ఈ "ఎండ్" అనేదాన్ని ఎక్కడ ఏమంటారో చెప్పండి. నిజమైన ఉదాహరణలు చూపిస్తే వింటారని ఆశ.

గోదారిగట్టు
"ప్రయాణం అంతం" అని కనిపిస్తే నేను ఆటో ఎక్కను. "ట్రిప్ పూర్తయింది" అంటే సరిపోయేదానికి!

ఓరుగల్లు_పోరడు
మా దిక్కు అంతం చేసుడంటే మనిషిని చంపుడే. మామూలుగా "అయిపోయింది", లేకుంటే "ఖతమైంది". పెద్దోళ్లయితే "ఒడిసింది" అంటరు. మా నాయనమ్మ నేను బడికెళ్లి వచ్చిన రోజల్లా "ఒడిసిందా బిడ్డా పరీక్ష?" అని అడిగేది. ఎంత మాట్లాడినా తెగని ముచ్చటని "ఒడువని ముచ్చట" అంటం. యాప్‌లో పెట్టమని కాదు గానీ అక్కా, లెక్కలో మాత్రం రాసుకో.

కర్సర్
నేను చేసేది ఇలాంటి రివ్యూ పనే. అందుకే అవతలివాళ్ల ఇబ్బంది కూడా చెప్తాను. ఒకే యాప్‌ని పదిహేను, ఇరవై మంది అనువదిస్తారు. ఒకరు "ముగించు", ఇంకొకరు "ఆపు", మరొకరు "పూర్తిచేయి" అని రాస్తే వాడేవాళ్లు అవి మూడు వేర్వేరు పనులనుకుంటారు. సహాయం పేజీలో "ముగించు నొక్కండి" అని ఉంటుంది, తెర మీద చూస్తే ఆ బటనే ఉండదు. నాకు ఇలాంటి ఫిర్యాదులు రోజూ వస్తాయి. పదకోశం పెట్టింది అందుకు. దాన్ని తిట్టుకుంటే లాభం లేదు.

పలకాబలపం
@కర్సర్ పదకోశం వద్దని నేను అనలేదండి. ఒక మాటకి ఒకే గది కట్టి, బంధువులందరినీ అందులోనే సర్దుకోమంటే ఎలా అని అడుగుతున్నాను.

పాతపుస్తకం
ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. అమ్మాయి పట్టుకున్న "జీవితాంతం" చాలా విలువైన ఉదాహరణ. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

సంస్కృతం నుంచి వచ్చిన ఈ "అంతం" తెలుగులో రెండు రకాలుగా పనిచేస్తుంది. వారాంతం, మాసాంతం, సంవత్సరాంతం అన్నప్పుడు అది ఆ కాలం చివరి భాగాన్ని చెబుతుంది. జీవితాంతం, ఆద్యంతం, ఆసాంతం అన్నప్పుడు మాత్రం "చివరిదాకా, మొత్తం" అని అర్థం. "నేను చెప్పేది సాంతం విను" అంటాం. సాంతం అంటే చివరతో సహా అని. రెండూ సరైన ప్రయోగాలే, వాడుక అలా స్థిరపడింది. కాబట్టి నిఘంటువులో "ఎండ్ అంటే అంతం" అని ఉన్నంత మాత్రాన రెండు మాటలు అతికించి సమాసం చేస్తే, అది మనం కోరిన అర్థమే ఇస్తుందన్న హామీ లేదు.

సంస్కృతంలోనైనా "అంత" అంటే ముగింపు ఒక్కటే కాదు. అంచు, పొలిమేర కూడా. ప్రాంతం అనే మాటకు మొదటి అర్థం అంచు. ఇప్పుడు చోటు అంతటినీ ప్రాంతం అంటున్నాం. సామంతుడంటే మొదట పొలిమేర పంచుకునే పొరుగు రాజు, తరవాత కప్పం కట్టే రాజు అయ్యాడు. వేదాంతం వేదాల చివరి భాగం, అంటే ఉపనిషత్తులు. సిద్ధాంతం అంటే తేలిన నిర్ణయం. రాద్ధాంతానికి కూడా సంస్కృతంలో అదే అర్థం, మనం మాత్రం దాన్ని అనవసరపు రగడ చేసేశాం.

ఇంకొక సంగతి. ఇంగ్లీషు "ఎండ్", సంస్కృత "అంత" దాయాదులు. రెండూ ఒకే పాత మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రం చెబుతోంది. ఆ మూలానికి అర్థం ఎదుటి భాగం, నుదురు. మన రివ్యూయర్‌గారు ఆ చుట్టరికం వరకు సరిగ్గానే చెప్పారు. అయితే దాయాదులు విడిపోయి వేల ఏళ్లయింది, ఎవరి కాపురం వాళ్లదే.

మినపసున్ని
మాస్టారూ, "రాద్ధాంతం" సంగతి ఇప్పుడే తెలిసింది. మా ఆయనకి చదివి వినిపించాను!

స్టంపుల_వెనక
క్రికెట్‌లో అయితే "ఎండ్" అంటే ముగింపే కాదు. లార్డ్స్‌లో పెవిలియన్ ఎండ్, నర్సరీ ఎండ్ ఉంటాయి. ఈడెన్ గార్డెన్స్‌లో హైకోర్టు ఎండ్. అక్కడ ఎండ్ అంటే వైపు. ఆరు బంతులు అయిపోయాక ఇంకో వైపు నుంచి వేస్తారు. "హైకోర్టు అంతం నుంచి బౌలింగ్" అని ఎవరైనా రాస్తే కోల్‌కతాలో కేసు పెడతారు.

గోదారిగట్టు
😂 కోర్టు ధిక్కారం

చీరాల_పోగు
మా పనిలో "ఎండ్" అంటే మీరెవరూ ఊహించరు. నేతలో పడుగు పోగుని, అంటే నిలువు దారాన్ని, ఇంగ్లీషులో "ఎండ్" అంటారు. అడ్డంగా నేసే పేక పోగుని "పిక్" అంటారు. బట్ట ఎంత ఒత్తుగా ఉందో చెప్పడానికి అంగుళానికి ఇన్ని ఎండ్లు, ఇన్ని పిక్‌లు అని లెక్క. ఒకసారి మాకు ఒక శిక్షణ కాగితం తెలుగులో ఇచ్చారు. అందులో "అంగుళానికి అంతాలు: 80" అని ఉంది. మా నాన్న నలభై ఏళ్లుగా మగ్గం మీద ఉన్న మనిషి, ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి "ఇది మన పని గురించేనా?" అని అడిగారు. తన పని గురించి రాసింది ఆయనకే అర్థం కాలేదు. నాకు చాలా బాధనిపించింది.

"అంగుళానికి పడుగు పోగులు" అని రాస్తే చాలు. మాట పుట్టి పెరిగింది మగ్గం దగ్గరే, అడిగితే చెప్పేవాళ్లు మగ్గం గుంటలోనే ఉన్నారు.

పలకాబలపం
@చీరాల_పోగు ఇది నాకు అస్సలు తెలియదు. రాసుకున్నాను. మరి పడుగు అయిపోయినప్పుడు ఏమంటారు?

చీరాల_పోగు
అయిపోవచ్చిందనే అంటాం. అలా అయిపోయేలోపే కొత్త పడుగు పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా కలిపి మెలివేస్తారు. వేల పోగులు. మా అమ్మ చేతివేళ్లు చూస్తే తెలుస్తుంది. మాకు కొస అంటే ఇంకోటి కట్టే చోటు.

మార్చి31
బ్యాంకులో పని చేస్తాను. మా దగ్గర "ముగింపు", "అంతం" రెండూ వినపడవు. "ఇయర్ ఎండింగ్" ఒక్కటే. "ఇయర్ ఎండింగ్ టెన్షన్‌లో ఉన్నా, తరవాత చేస్తా" అంటే ఇంట్లో మా ఆరేళ్ల పాపకి కూడా అర్థమవుతుంది. ఖాతా విషయంలో అయితే మూసివేత. డిపాజిట్‌కి గడువు తీరడం. లోన్‌కి తీరిపోవడం. ఇంగ్లీషులో ఈ మూడింటికీ "ఎండ్" అనొచ్చు. తెలుగులో "లోన్ అంతమైంది" అంటే కస్టమర్ కంగారుపడతాడు. "లోన్ తీరిపోయింది" అని చెప్పి చూడండి, ఆ ముఖంలో వచ్చే వెలుగే వేరు.

నెలకి మాత్రం నెలాఖరు. ఇంతకంటే మంచి మాట లేదు. నెల మనది, ఆఖరు అరబ్బీ నుంచి వచ్చింది, కలిసి ఒకే ఇంట్లో హాయిగా ఉంటున్నాయి.

టీచరమ్మ_9బి
నేను ఇంగ్లీషు చెప్తాను. మీరు ఇంగ్లీషు నుంచి తెలుగుకి వస్తున్నారు, మా పిల్లలు తెలుగు నుంచి ఇంగ్లీషుకి వెళ్తారు. చిక్కు అదే.

"ఇన్ ది ఎండ్", "ఎట్ ది ఎండ్" తేడా చెప్పలేక మొదట్లో చాలా తిప్పలుపడ్డాను. తరవాత తెలుగే ఆదుకుంది. మొదటిది "చివరికి", రెండోది "చివర్లో". "చివరికి ఒప్పుకున్నాడు", "సినిమా చివర్లో ఒప్పుకున్నాడు". ఒక్కసారి చెప్తే పిల్లలు మళ్లీ తప్పు చేయలేదు.

సామెతల్లాంటి వాడుకలు వస్తే మాత్రం "ఎండ్" అనే మాటని పూర్తిగా వదిలేయాలి. "డెడ్ ఎండ్ జాబ్" అంటే ఎదుగూబొదుగూ లేని ఉద్యోగం. వెంట్రుకలు "ఆన్ ఎండ్" నిలబడితే రోమాలు నిక్కబొడుచుకున్నాయంటాం. మూడు గంటలు "ఆన్ ఎండ్" అంటే ఏకధాటిగా మూడు గంటలు. "ఆడ్స్ అండ్ ఎండ్స్" చిల్లరమల్లర సామాన్లు. "మేక్ బోత్ ఎండ్స్ మీట్" అన్నదాన్ని ఒక పిల్లాడు "రెండు చివరలు కలపడం" అని రాశాడు. వాడి తప్పు కాదు, గైడులో అలాగే ఉంది. మనం "వచ్చేది బొటాబొటీగా సరిపోతుంది" అంటాం. చివరల గొడవే లేదు.

ఓరుగల్లు_పోరడు
టీవీ చర్చల్ల "రోజు చివరన చూస్తే" అంటున్నరు కదా టీచరమ్మా, "ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే"కి? వాళ్లు పొద్దున ఎనిమిదింటికే అంటరు.

టీచరమ్మ_9బి
అవును, వింటున్నా. "ఎటు తిరిగినా", "ఎంత చేసినా" అంటే పోతుంది. పెద్దవాళ్లు "ఏతావాతా తేలిందేమిటంటే" అనేవారు. నాకు ఆ మాట చాలా ఇష్టం.

డెస్క్‌లో_ఉంటా
పత్రికలో పని చేశాను. శీర్షికలో ఏదైనా ముగిసిందని రాయాలంటే మా దగ్గర ఉన్నన్ని మాటలు ఇంకెవరి దగ్గరా ఉండవు. తెర పడింది, మంగళం పాడారు, స్వస్తి పలికారు, భరతవాక్యం పలికారు, తిలోదకాలిచ్చారు, నీళ్లొదిలారు.

ఒక రాత్రి డ్యూటీలో ఈ వరుస చూస్తుంటే ఒకటి తట్టింది. కచేరీ చివర పాడే మంగళం శుభం కోరే పాట. స్వస్తి అంటే మేలు కలగాలని. భరతవాక్యం సంస్కృత నాటకం చివర అందరూ బాగుండాలని చెప్పే పద్యం. పాత సినిమాల్లో చివర "శుభం" అని అక్షరాలు పడేవి. తిలోదకాల్లాంటివి పక్కన పెడితే, మనవాళ్లు దేన్నైనా మంచి మాటతోనే ముగించారు. వాటిని తిట్లుగా మార్చింది మేమే, శీర్షికల కోసం. "పథకానికి మంగళం" అని నేనే ఎన్నిసార్లు రాశానో. ఇప్పుడు కచేరీలో మంగళం వింటున్నా నాకు ముందు ఆ శీర్షికే గుర్తొస్తుంది. అది నాకు బాధగానే ఉంది.

మినపసున్ని
@డెస్క్‌లో_ఉంటా మీరన్నది ఇళ్లలో ఇంకా ఎక్కువ. మా అమ్మమ్మ "అయిపోయింది" అనే మాట వంటింట్లో అననిచ్చేది కాదు. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనాలి. దీపం ఆరిపోతే "కొండెక్కింది". మంగళసూత్రం దారం తెగితే "పెరిగింది". ఊరెళ్లేవాళ్లు "వెళ్తా" అనకూడదు, "వెళ్లొస్తా" అనాలి. చిన్నప్పుడు ఇదంతా చాదస్తం అనిపించేది. ఇప్పుడు ఆవిడ లేదు. నేను డబ్బాలో గరిట అడుగుకి తగిలిన ప్రతిసారీ "నిండుకున్నాయి" అనే అంటున్నాను, తెలియకుండానే.

రైలుబండి
"నిండుకున్నాయి" మీద ఒకటి. మేం హాస్టల్లో ఉన్నప్పుడు వంటావిడ వచ్చి "సార్, బియ్యం నిండుకున్నాయి" అని వార్డెన్‌కి చెప్పింది. ఆయన అప్పుడే పట్నం నుంచి వచ్చిన కుర్రాడు. "మంచిది, మూతలు గట్టిగా పెట్టండి" అన్నాడు. ఆ రాత్రి మాకు ఉప్మా.

గోదారిగట్టు
మూతలు గట్టిగా పెట్టండి 😂😂 మా ఫోన్‌లో డేటా కూడా రోజూ సాయంత్రానికి నిండుకుంటోంది.

కర్సర్
రైలుబండి చెప్పిందే నా భయం కూడా. ఎంత అందమైన వాడుకైనా సగం మందికి తెలియకపోతే తెర మీద పెట్టలేం. వరంగల్ మనిషికీ, నెల్లూరు మనిషికీ, బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగు పిల్లకీ ఒకేలా తెలియాలి. అందుకే కొందరు నేరుగా "ఎండ్" అని తెలుగు లిపిలో పెట్టేయమంటారు. "ఎండ్ కాల్" అంటే తెలియనివాళ్లు ఎవరున్నారు?

ఓరుగల్లు_పోరడు
మా అమ్మ ఉన్నది. ఫోన్ వాడుతది, "ఎండ్ కాల్" తెలువది. ఎర్ర గుండ్రం నొక్కుతది అంతే. అక్కడ ఏం రాసినా చదవది. కానీ ఎవ్వరు లేనప్పుడు చదువుకోవాల్సి వస్తే "కాల్ ఆపండి" అని ఉంటే చదువుతది.

పాతపుస్తకం
కర్సర్‌గారి మాటలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. అయితే "అంతం", "ఎండ్" ఈ రెంటి మధ్యనే ఎంచుకోవాలా? మన సొంత మాటలు ఉన్నాయి. కడ, తుద, కొన, కొస, చివర. ఇవి ఊరికే పర్యాయపదాలు కావు, ఒక్కొక్కదానికీ ఒక్కో చోటు ఉంది. తీర్పు తుదిది. మెరుగులు తుదివే, అయితే కథకి మాత్రం కొసమెరుపు. చూపు కడసారిది. చివర పుట్టిన బిడ్డ కడగొట్టు. వేలికి కొన, తాడుకి కొస, వీధికి చివర. బస్సుకి ఆఖరు. "తుది బస్సు వెళ్లిపోయింది" అని ఏ ఊళ్లోనూ అనరు.

ఇంకా గట్టిగా చెప్పాలంటే కట్టకడ, తుట్టతుద, కొట్టకొన, చిట్టచివర. బడిలో ద్విరుక్తటకార సంధి పేరుతో బట్టీపట్టించిన మాటలు ఇవే. పిల్లలు ఆ సంధి పేరు మర్చిపోయినా చిట్టచివర మర్చిపోరు.

డల్లాస్_గోంగూర
ఇక్కడ ఆదివారం పిల్లలకి తెలుగు చెప్తాను. "వీకెండ్"ని వారాంతం అని రాయిస్తాం గానీ, పలికేటప్పుడు పెద్దలం కూడా వీకెండ్ అనే అంటాం. ఒక పాప అడిగింది, "ఆదివారంలో ఆది అంటే మొదలు కదా, మరి వారం చివర ఎలా అవుతుంది?" అని. నా దగ్గర జవాబు లేదు.

పాతపుస్తకం
పాప బుర్రకి దండం. కానీ అది ఆదిత్యవారం, సూర్యుడి వారం. వాడుకలో ఆదివారం అయింది. మొదలు అనే "ఆది"తో సంబంధం లేదు. మన లెక్కలో వారం ఆదివారంతోనే మొదలవుతుంది కాబట్టి పాప అనుమానం మాత్రం అక్కడే ఉంటుంది. శని ఆదివారాలు అని చెప్తే ఏ గొడవా లేదు.

డల్లాస్_గోంగూర
చెప్తాను మాస్టారూ. కథ అయ్యాక "ది ఎండ్" అనే పిల్లలకి "కథ కంచికి, మనం ఇంటికి" నేర్పాను. ఇప్పుడు క్లాసు అయిపోగానే అందరూ అదే అరుస్తూ బ్యాగులు సర్దుకుంటున్నారు. 😊

నైట్‌డ్యూటీ
నేను నర్సుని. ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ.

పలకాబలపం రాసిన "ఎండ్ ఆఫ్ లైఫ్" ఫోన్ గురించి. మా దగ్గర అదే మాట మనుషులకి వాడతారు. ఇక జబ్బు నయం కాదని తెలిశాక, నొప్పి లేకుండా, ఊపిరి ఆడేలా, ఇంటివాళ్ల మధ్య ఉండేలా చూసుకునే సేవ అది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట దాని గురించి ఒక కరపత్రం ఉండేది. పైన పెద్ద అక్షరాలతో "జీవితాంత సంరక్షణ" అని.

ఒకమ్మాయి వాళ్ల నాన్నని తీసుకొచ్చింది. డాక్టర్‌గారు మాట్లాడి ఆ కరపత్రం చేతిలో పెట్టారు. గంట తరవాత ఆ అమ్మాయి నా దగ్గరకి వచ్చింది. ముఖంలో ఎంత సంతోషమో. "సిస్టర్, నాన్నని జీవితాంతం చూసుకునే స్కీమ్ ఉందట కదా, ఏమేం కాగితాలు కావాలి?" అని అడిగింది. కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, అది ఏమిటో నేను చెప్పాల్సి వచ్చింది. ఆ మాట అంతకుముందు డాక్టర్‌గారు చెప్పే ఉంటారు. కాగితం మీద అక్షరాలు చూశాక ఆమె ఆశ దాన్నే పట్టుకుంది.

అది జరిగి నాలుగేళ్లయింది. దయచేసి మీ పదకోశం వాళ్లకి ఇది చెప్పండి.

పలకాబలపం
చదివాను. ఆసుపత్రి కరపత్రాలు నేనూ చేస్తాను. ఈ ఫైల్లోనే ఒకటుంది. ఇంకా అక్కడిదాకా రాలేదు. అక్కా, మీరు ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు దాన్ని ఏమంటారు?

నైట్‌డ్యూటీ
ఒకే పేరు వాడను. "ఇక మందులు జబ్బుకి కాదు, నొప్పికి ఇస్తాం" అంటాను. "చివరి రోజుల్లో బాధ లేకుండా చూసుకుంటాం" అంటాను. మా పక్క వార్డులో ఉపశమన చికిత్స అని బోర్డు ఉంది. అది మంచి మాటే గానీ, దాన్ని ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. కాగితం మీద అయితే "చివరి రోజుల సేవ" అని పెట్టి, కింద రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది. చావు అనే మాట రాయక్కర్లేదు. చివరి రోజులు అంటే అందరికీ తెలుస్తుంది.

మినపసున్ని
చివరి రోజుల సేవ. మెత్తగా ఉంది, స్పష్టంగానూ ఉంది.

కర్సర్
@నైట్‌డ్యూటీ నేను ఇప్పటిదాకా వాదించింది బటన్ల గురించి. ఇది వేరే. ఇలాంటి చోట ఎర్రగీత వస్తే గీత తప్పు, అనువాదం కాదు.

@పలకాబలపం ఒక సలహా. "అంతం బాగాలేదు" అని రాస్తే రివ్యూయర్ అది మీ అభిరుచి అనుకుంటాడు. పదకోశంలో ఆ ఒక్క వరుసని నాలుగైదు వరుసలుగా విడగొట్టి పంపండి. ఏది ముగుస్తోందో పక్కన రాయండి. పని అయితే ఇది, గడువు అయితే ఇది, తాడూ దారం లాంటి వస్తువు కొస అయితే ఇది అని. అప్పుడు సాఫ్ట్‌వేర్‌కీ పని సులువు, మాలాంటివాళ్లకీ సులువు. కంపెనీ భాషలో అడిగితే త్వరగా ఒప్పుకుంటారు.

రైలుబండి
దానికి ఇంకో వరుస చేర్చండి: గమ్యం. ఇంగ్లీషు "టెర్మినస్" లాటిన్‌లో హద్దురాయి. రోమన్లకి ఆ పేరుతో హద్దుల దేవుడు కూడా ఉండేవాడు. రైల్వేలో టెర్మినస్ అంటే పట్టాల చివర, కానీ ప్రయాణికుడికి అది చేరుకున్న చోటు. ట్రిప్ "ఎండ్ పాయింట్" అని వస్తే గమ్యం అని రాయండి. నేను రోజూ చివరి స్టేషన్‌లోనే డ్యూటీ దిగుతాను. అక్కడ ఏదీ అంతమవదు, అదే బండి పేరు మార్చుకుని తిరిగి బయల్దేరుతుంది.

నూలుదండ
గమ్యం అంటే గుర్తొచ్చింది. "ఎండ్స్ అండ్ మీన్స్" అని వస్తే ఎండ్ అంటే లక్ష్యం. గాంధీగారు సాధనం విత్తనం లాంటిది, సాధ్యం చెట్టు లాంటిదని 1909లోనే రాశారు. అక్కడ "అంతం" అని పడితే ఆయన చెప్పింది పూర్తిగా పోతుంది.

పలకాబలపం
అందరూ చెప్పినవి కూర్చి, కర్సర్‌గారు అన్నట్టే వరుసలుగా విడగొట్టి ఆదివారం రాత్రే పంపాను. పని అయితే "పూర్తయింది". కాల్, రికార్డింగ్ లాంటివి "ఆపు". గడువు "తీరింది". ఖాతా "మూసివేత". ఒప్పందం "రద్దు". చోటు అయితే "చివర", చేరే చోటు "గమ్యం". మగ్గం దగ్గర "పడుగు పోగు" కూడా పెట్టాను, ఆ కంపెనీకి దాంతో పనిలేకపోయినా. ఎప్పటికైనా ఎవరో ఒకరు ఆ పదకోశం తీసుకుంటారు కదా. నైట్‌డ్యూటీ అక్క రాసింది పేర్లు, ఊరు లేకుండా, మాట మార్చకుండా కింద జోడించాను.

ఈరోజు మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఫోన్ నోటీసుని "ఈ మోడల్‌కు ఇకపై సపోర్ట్ ఉండదు" అని మార్చడానికి ఒప్పుకున్నారు. కరపత్రంలో "చివరి రోజుల సేవ" ఒప్పుకున్నారు, ఇదివరకు వేసిన రెండు కరపత్రాలు కూడా వెనక్కి తెప్పించి మారుస్తామన్నారు. "ట్రిప్ పూర్తయింది" ఓకే. "కాల్ ఆపు" ఒప్పుకోలేదు, "కాల్ ముగించు" అట. సరే అన్నాను.

నైట్‌డ్యూటీ
వెనక్కి తెప్పిస్తున్నారా? నిజంగా? థాంక్స్ అమ్మా.

ఓరుగల్లు_పోరడు
"కాల్ ముగించు" కూడా మంచిగనే ఉన్నది అక్కా. మా అమ్మ చదువుతది.

చీరాల_పోగు
నాన్నకి చెప్పాను, పడుగు పోగు పదకోశంలోకి ఎక్కిందని. "ఎన్ని పోగులు ఎక్కాయి?" అని అడిగారు. 😊

పలకాబలపం
ఒక్కటి మాత్రం మిగిలింది. మ్యాప్‌లో "డెడ్ ఎండ్". వాళ్లు "మృత అంతం" పంపారు. నేను కొట్టేశాను గానీ బదులు ఏం రాయాలో తేలడం లేదు. మా ఇంట్లో అందరం డెడ్ ఎండ్ అనే అంటాం.

రైలుబండి
మా కాలనీ సందు మొదట్లో ఎవరో ఇంటివాళ్లే పెయింట్‌తో రాసి పెట్టారు, "ముందుకు దారి లేదు" అని. పదేళ్లుగా ఉంది. ఒక్క బండి కూడా పొరపాటున లోపలికి రాదు.

పలకాబలపం
అదే పెట్టేశాను. ఫైలు వెళ్లిపోయింది.